బాస్కెట్‌బాల్ లీగు: ఎవరిని పిలువవలెను?

కొన్ని యేండ్ల క్రిందట ఒక తెల్లవారుజామున అనకాపల్లి బస్సు నిలయములో కొందరు కళాశాల విద్యార్థులు మాకు కనబడిరి. అందరివి ఒకే రంగు బనియనులు. ఒకని చేతిలో వలసంచిలో బంతి. అంతర్ కళాశాల బాస్కెట్‌బాల్ పోటీలకు పోవుచున్నామనిరి. ఆ సాయంకాలమే వారు మరల అచ్చటనే ఎదురైరి.

“అప్పుడే వచ్చేశారేం, బాబూ?” అని అడిగితిమి.

“ఒక్క ఆటేనండి. ఓడిపోయాం. మళ్లీ వచ్చే ఏడే” అని వారిలో పెద్దవాడు చెప్పెను.

బాస్కెట్‌బాల్ ఆట నిడివి 40 నిమిషములు. ఏడాది సాధనకు ఆ బాలురకు దక్కిన ఫలము అంతియే. ఓడినవానిని ఇంటికి పంపు నాకౌట్ పద్ధతిలో ఇది తప్పదు. ఎనిమిది జట్లు చేరినచో జరుగు ఆటలు ఏడు మాత్రమే. అందు నాలుగు జట్లు ఒక్క ఆటతోనే వెనుదిరుగును. లీగు పద్ధతి వేరు. ఆరు కళాశాలలు చేరి, ఒక్కొక్కటి తక్కిన ఐదింటితో తన ఊర ఒకమారు, పొరుగూర ఒకమారు ఆడినచో ప్రతి జట్టునకును పది ఆటలు లభించును. మొత్తము 30 ఆటలు.

2022 ఏప్రిల్ 4వ తేదీన అనకాపల్లి ప్రత్యేక జిల్లా అయినది. ఇచ్చట అట్టి లీగు నొకదానిని నెలకొల్పినచో బాగుండునని మా అభిప్రాయము. అయితే అందు ఎవరిని చేర్చుకొనవలెను? చిక్కంతయు ఈ ప్రశ్నయందే యున్నది.

ఈ చిక్కు పెద్ద దేశములకును తప్పలేదు. 1891లో బాస్కెట్‌బాల్ పుట్టిన అమెరికాలో ఇట్టి కళాశాలల కూటములను కాన్ఫరెన్సులందురు. 2013లో ఏడు క్యాథలిక్ విద్యాసంస్థలు తమ పాత కూటమినుండి విడివడి, బిగ్ ఈస్ట్ అను పేరును తమవెంట తీసికొనిపోయి క్రొత్త కూటమి కట్టినవి. అమెరికన్ ఫుట్‌బాల్ ఆదాయముకొరకు సభ్యులు వచ్చుచు పోవుచుండుట వారికి విసుగు పుట్టించెను. తమకు తోడుగా బట్లర్, క్రైటన్, జేవియర్ అను మూడింటిని వారు పిలిచిరి. బట్లర్ క్యాథలిక్ సంస్థ కాదు. క్రైటన్ దూరముననున్న నెబ్రాస్కా రాష్ట్రములోనిది. అయినను, బాస్కెట్‌బాల్‌ను ప్రధానముగా నెంచు గుణము మూడింటికిని సమానము. పది సంస్థలు, జట్టునకు 18 ఆటలు. లెక్క చక్కగా కుదిరినది. ఇందుకు భిన్నముగా, 2024లో పసిఫిక్ తీరమందలి స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములు అట్లాంటిక్ తీరపు కూటమిలో చేరినవి. ఆటకై విద్యార్థులు దేశమునంతను దాటవలసి వచ్చినది.

మనము గ్రహింపవలసినది ఇదియే: కూటమికి కప్పులకంటె సాటి ముఖ్యము. నిరుడు గెలిచినవారినే పిలువవలెనని కొందరందురు. కాని కళాశాల జట్టు శాశ్వతము కాదు. మూడు నాలుగేండ్లలో ఆటగాండ్రందరును చదువు ముగించి వెడలిపోవుదురు. కప్పు అలమారలో నిలుచును. దానిని గెలిచిన చేతులు నిలువవు.

కావున మేమడుగు ప్రశ్నలు నాలుగు. 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గల కోర్టు ఉన్నదా? దినదినము సాధన చేయించు వ్యాయామాధ్యాపకుడు ఉన్నాడా? సాయంకాలము ఆట ముగిసిన పిదప పిల్లలు ఆ రాత్రికే ఇల్లు చేరగలరా? బాలికల జట్టును కూడ పంపుదురా? ఈ నాలుగవ ప్రశ్నకు “చూతము” అను జవాబు చాలదు.

ఈ దృష్టితో చూడగా మొదట స్ఫురించునవి అనకాపల్లిలో వర్తక సంఘము పేరిట వెలసిన ఏ.ఎం.ఏ.ఎల్. కళాశాల, చోడవరము, ఎలమంచిలి, నర్సీపట్నములందలి ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు. నర్సీపట్నము కొంత దూరమే. అయినను దూరమను నెపమున దానిని విడిచినచో జిల్లా పడమటి భాగమునే విడిచినట్లగును. అచ్చటి ఆటలను సెలవు దినమున మధ్యాహ్నము పెట్టుకొనిన సరిపోవును. విశాఖపట్టణపు పెద్ద కళాశాలలను పిలిచిన ఆట స్థాయి పెరుగునని వాదింపవచ్చును. ఆ వాదమున నిజము లేకపోలేదు. కాని ప్రతి వారమును ముప్పది పాయింట్ల తేడాతో ఓడు పిల్లవాడు ఆట నేర్చుకొనడు, మానుకొనును. వారిని స్నేహపూర్వకమైన ఆటకు ఏటేట పిలిచిన చాలును.

ఇక మిగిలినవి రెండు స్థానములు. ఒకటి దరఖాస్తులు పెట్టుకొన్నవారిలో యోగ్యులకు. రెండవది మాత్రము ఇంతవరకు జట్టే లేని కళాశాలకు ఈయవలెనని మా మనవి. దానికి కోర్టు లేకున్న మొదటి యేడు పొరుగు కళాశాల కోర్టునే తనదిగా వాడుకొననిండు. పది ఆటలలో పదియు ఓడిననేమి? పదకొండవది రెండవ యేట ఉన్నది. చేరినవారెవరైనను మూడేండ్లవరకు విడిచిపోమని వ్రాసి యీయవలెను. ఆ గడువు తీరిన పిదపనే ఇతరులకు ద్వారము తెరువవలెను.

ఓడిన పిల్లలు బస్సు నిలయమున దిగినపుడు, మరల ఆట ఎప్పుడని అడిగినవారికి, “వచ్చే శనివారమండి” అని చెప్పగలుగవలెను. సభ్యులను ఎన్నుకొను పెద్దలు కాగితముపై గీత గీయుటకు ముందు ఆ ఒక్క మాటను తలచుకొనిన, ఎన్నిక తప్పదారి పట్టదు.