పాత సేద్యపుటిండ్లు – వాని చరిత్ర
(ఆర్.కె.పేట సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)



నేడు పాత సేద్యపుటిండ్లను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును. మట్టి గోడలు, పెంకుల కప్పు, వీధివైపున తిన్నెలు, లోపల గాదె, ప్రక్కనే పశువుల కొట్టము గల యిండ్లు మన ప్రాంతమున ఇంకను అక్కడక్కడ కలవు. పలువురు వానిని కూల్చి మేడలు కట్టుచున్నారు. అది తప్పని నేననను. కారుచున్న కప్పు క్రింద కాపురము చేయుటలోని కష్టము నేనెరుగుదును.

స్కాట్లండు దేశమున అలోవే గ్రామమునందు ఇట్టి యిల్లొకటి కలదు. 1757లో విలియమ్ బర్న్స్ అను సేద్యగాడు దానిని తన చేతులతోనే మట్టి గోడలు పెట్టి, గడ్డి కప్పి కట్టెను. మనుష్యులకును పశువులకును ఒకటే కప్పు. 1759లో కవి రాబర్ట్ బర్న్స్ అందు జన్మించెను. తరువాత అది మద్యశాలయైనది. 1881లో కవి స్మారక ధర్మకర్తలు దానిని కొని రక్షించిరి.

మన యిండ్లలో మహాకవులు పుట్టకపోవచ్చును. అయినను వానికి చరిత్ర కలదు. మా యిల్లు ఉన్నచోటనే యున్నది. ఉత్తర ఆర్కాటు జిల్లాలోని యిల్లు 1911లో చిత్తూరు జిల్లాకును, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకును, 1956లో ఆంధ్రప్రదేశమునకును చెందినది. 1960 ఏప్రిల్ 1వ తేదీన మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో చేరినది. 1969లో ఆ రాష్ట్రము తమిళనాడైనది. 1997లో మన జిల్లా తిరువళ్లూరైనది. గోడ కదలలేదు, చిరునామా మాత్రమే మారినది.

ఇటీవల మా మనుమడు పెట్టెలోని భాగపరిష్కార పత్రమును తెచ్చి, “తాతా, ఇందులో ఏమి వ్రాసియున్నది?” అని యడిగెను. తమిళము, ఆంగ్లము చక్కగా చదువగలడు, తెలుగక్షరములు రావు. నేను చదివి వినిపించితిని. బావినీటి వంతులు, చింతచెట్టు కాపులో పాళ్లు, ముసలి తల్లికి కుమారులు ఏటేట కొలిచి ఈయవలసిన వడ్లు – అన్నియు అందు కలవు. ఆ తల్లి తన ముత్తాతకు తల్లియని తెలిసి, పిల్లవాడు చాలసేపు పలుకలేదు.

కావున పెద్దలకు నా విన్నపమిది. ఇల్లు కూల్చుటకు ముందు దాని పత్రములను పిల్లలకు చదివి వినిపింపుడు. వారి చేతనే తెలుగులో నకలు వ్రాయింపుడు. ఇల్లు పోయినను చరిత్ర నిలుచును. అక్షరము పోయినచో, ఇల్లు నిలిచియుండియు మూగదగును.