మూత వేయుటకు ముందు
(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగము)



2011లో తమిళనాడు ప్రభుత్వము విద్యార్థులకు ఉచితముగా ల్యాప్‌టాపులు పంచ నారంభించినది. అప్పటినుండి మన తెలుగు ఇండ్లలోనికి గూడ ఈ యంత్రము వచ్చినది. దానిని తెరచుట మనకంటె పిల్లలకే బాగుగా తెలియును. మూయుట మాత్రము వారికిని తెలియదు, మాకును తెలియలేదు. నేఁడు ఆ సంగతియే చెప్పఁదలచినాము.

గత సంవత్సరము దసరా సెలవులకు ముందునాఁడు, ఒక బాలిక తన అవ్వ నోట విన్న సేద్యపు మాటలను మన వార్షిక సంచికకై మా ల్యాప్‌టాపులో టైపు చేసినది. బడిగంట కొట్టినారు. మేము 'షట్ డౌన్' నొక్కి, వెంటనే మూత వేసి, సంచిలో పెట్టుకొని బస్సెక్కినాము. పది దినముల పిదప చూడఁగా పాత బ్యాటరీ పూర్తిగా అయిపోయియున్నది. బాలిక వ్రాసినది లేదు.

షట్ డౌన్ నొక్కఁగానే యంత్రము ఆఱిపోదు. తెరచియున్న ప్రతి ప్రోగ్రామును మూసికొమ్మని అడుగును. సేవ్ చేయని వ్రాత యున్నచో ఆ ప్రోగ్రాము మనలను ప్రశ్నించి, జవాబుకై నిలుచును. ఆ ప్రశ్నను చూడకయే మేము మూత వేసినాము. మూత పడినచో నిద్రింపుమని యంత్రమునకు ముందే ఆజ్ఞ యున్నది గనుక అది నిద్రించినది; షట్ డౌన్ సగములో నిలిచినది. నిద్రలో వ్రాత మెమరీలోనే యుండును, దానిని నిలుపుటకు కొద్దిపాటి విద్యుత్తు కావలెను. బ్యాటరీతో అదియు పోయినది. (చార్జి మిగిలియున్నచో, మూత తెరవఁగానే మిగిలిన పని ముగించి ఆఱిపోవుటయు కలదు. యంత్రము చెడినదని అప్పుడు మనము కంగారుపడుదుము.)

విండోసులో దీనికి మార్గమున్నది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరచి, మూత మూసినపుడు ఏమి చేయవలెనను చోట 'డూ నథింగ్' ఎంచవలెను. బ్యాటరీకి, చార్జరుకు వేర్వేరు గడులున్నవి. బ్యాటరీ గడిలో దీనిని పెట్టుటకు మేము జంకుచున్నాము. షట్ డౌన్ మఱచి మూత వేసిన పిల్లవాని సంచిలో యంత్రము మేల్కొనియుండి వేఁడెక్కును. చార్జరు గడిలో మాత్రము పెట్టి, తీగ తీయకుండ షట్ డౌన్ చేయించి, పవర్ దీపము ఆఱిన తరువాతనే తీగ తీయించుఁడు. అప్‌డేటులు పడిన దినమున ఇంకను ఎక్కువసేపు వేచియుండవలెను.

ఆ బాలిక మరల అవ్వను అడిగి వ్రాసి తెచ్చినది. మొదటి ప్రతిలోని రెండు మాటలు మాత్రము అవ్వకు తిరిగి తోఁపలేదఁట.