కొలోన్ చర్చిలో నేను చూసిన ఫైలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"జర్మనీ వెళ్ళొచ్చారు కదా, పది నిమిషాలు మాట్లాడండి" అన్నారు కార్యదర్శి గారు. ముప్పై ఆరేళ్ళు నోట్ ఫైళ్ళు రాసినవాణ్ణి గాని మైకు ముందు నిలబడినవాణ్ణి కాను. తప్పులుంటే మన్నించండి.

మా అల్లుడికి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం. 2023 వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళి రెండు నెలలున్నాం. అక్కడి నుంచి కొలోన్ రైలులో అరగంట. స్టేషను గుమ్మం దాటామో లేదో, ఎదురుగా చర్చి! తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది గాని శిఖరం కొస కనపడలేదు. రెండు శిఖరాలు, ఒక్కొక్కటీ 157 మీటర్లు. రాయంతా నల్లగా మసిబారి ఉంది. లోపలికి వెళ్ళబోతూ మా ఆవిడ చెప్పులు విప్పేసింది. "అమ్మా, ఇక్కడ విప్పరు" అని మా అమ్మాయి నవ్వింది. అయినా ఆవిడకు మనసొప్పలేదు, గుమ్మంలో కాసేపు తటపటాయించి, దణ్ణం పెట్టుకుని వచ్చింది.

తూర్పు దేశపు ముగ్గురు జ్ఞానుల అస్థికలని చెప్పేవాటిని 1164లో ఇటలీలోని మిలాన్ నుంచి ఈ ఊరికి తెచ్చారట. వాటిని చూడటానికి జనం విరగబడి వస్తుంటే పాత చర్చి చాలలేదు. 1248లో కొత్తదానికి పునాదిరాయి వేశారు. తేదీ ఆగస్టు 15! అది మన జెండా పండుగ నాడని మా మనవరాలికి చెప్పాను. ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. 1322కు గర్భాలయం వంటి తూర్పు భాగం పూర్తయింది. తరువాత పని నత్తనడక నడిచి, పదహారో శతాబ్దంలో డబ్బు చాలక ఆగిపోయింది. ఒక శిఖరం సగంలో నిలిచింది. దానిమీద రాళ్ళెత్తే చెక్క క్రేను అట్లాగే సుమారు నాలుగు వందల ఏళ్ళు, 1868 దాకా, ఉండిపోయింది. గ్రాంటు రాక ఆగిన భవనాలు మనమూ చూశాం గాని, ఇంతకాలం ఆగినది నేనెరుగను.

ఇక నేను చెప్పదలచినది ఆ పటం గురించి. పడమటి ముఖం, రెండు శిఖరాలు ఎట్లా ఉండాలో పదమూడో శతాబ్దంలోనే తోలు కాగితం మీద గీసి పెట్టారు. నాలుగు మీటర్ల పొడవు. 1794లో ఫ్రెంచి సైన్యం వస్తున్నదని చర్చి దస్తావేజులు ఊరు దాటించారు. ఆ గందరగోళంలో పటం పోయింది. సైన్యం చర్చిని గడ్డీ ధాన్యమూ దాచే గోదాముగా వాడుకుంది. ఇరవై ఏళ్ళు గడిచాక, 1814లో, డార్మ్‌స్టాట్ అనే ఊళ్ళో ఒక అటక మీద పటంలో సగం దొరికింది. దానిమీద చిక్కుడు గింజలు ఎండబెట్టుకునేవారని చెప్పుకుంటారు. రెండో సగం 1816లో పారిస్‌లో దొరికింది. రెండూ కలిపారు. 1842లో పని మళ్ళీ మొదలుపెట్టి, అదే పటం ప్రకారం శిఖరాలు లేపి, 1880లో ముగించారు. మొత్తం 632 ఏళ్ళు. జనం చందాలిచ్చారు, చాలకపోతే లాటరీ కూడా నడిపారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరంతా నేలమట్టమైనా, పద్నాలుగు పెద్ద బాంబులు తగిలిన ఈ కట్టడం నిలిచింది.

పిల్లలు 533 మెట్లెక్కి శిఖరానికి వెళ్ళారు. నా మోకాళ్ళ సంగతి మీకు తెలిసిందే. మా ఆవిడ 2007లో కొత్తగా పెట్టిన రంగుటద్దాల కిటికీ కింద కూర్చుంది. పదకొండు వేల పైచిలుకు గాజు పలకలు, 72 రంగులు. ఎండ పడి ఆవిడ చీర మీద రంగులు ఆడుతున్నాయి. నేను ఆ పటం ఉన్న చిన్న ఉపగుడి దగ్గర నిలబడ్డాను. రికార్డు గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? మన లెక్కన దీన్ని ఎవరైనా ఆర్.డిస్. కాకుండా ఎల్.డిస్. వేసి ఉంటే ఏడాది తిరిగేసరికి తగలబెట్టేవారు కదా అనుకున్నాను. నవ్వొచ్చింది. వెంటనే నవ్వు పోయింది.

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఈ సభలో చెప్పుకోవచ్చుననిపించి చెబుతున్నాను. 1986లో నేను యు.డి.సి.ని. ఏ ఆఫీసో అడగవద్దు. మా అటెండరు ఒకతను సర్వీసులోనే పోయాడు. భార్య కుటుంబ పెన్షను కోసం వచ్చింది. అతని సర్వీసు రిజిస్టరు కనపడలేదు. ఒక పూట వెతికి, "రికార్డు రూములో లభ్యం కాలేదు" అని నోటు రాసి పైకి పంపాను. ఆమె పద్నాలుగు నెలలు తిరిగింది. వెంట పదేళ్ళ పిల్లవాడు. వరండాలో కూర్చుని నా వంక చూసేవాళ్ళు. నేను ఫైలులో తల దూర్చేవాణ్ణి.

తరువాత ఆఫీసు వేరే భవనంలోకి మారేటప్పుడు రిజిస్టరు బయటపడింది. వేరే సెక్షను కట్టలో ఉంది. ఆ కట్ట మీది చీటీ రాత నాదే. నేనే తప్పు కట్టలో కట్టాను. ఆ రాత్రే కూర్చుని కాగితాలన్నీ తయారుచేశాను. రెండు నెలల్లో పెన్షను, అరియర్సు వచ్చాయి. అప్పటికే పిల్లవాణ్ణి బడి మాన్పించి లారీ క్లీనరుగా పంపేశారు. రిజిస్టరు దొరికిందని ఆమెతో చెప్పాను గాని, ఎవరి చేతిలో పోయిందో చెప్పలేదు.

మనవరాలు మెట్లు దిగి వచ్చి, "తాతయ్యా, నువ్వేం చూశావు?" అంది. "ఒక ఫైలు చూశానమ్మా" అన్నాను. దానికేమీ అర్థం కాలేదు.

ఇండియా తిరిగొచ్చాక ఆ ఊరు వెళ్ళాను. వాకబు చేస్తే ఆమె పోయి చాలా కాలమైందన్నారు. కొడుకు బస్టాండు దగ్గర టిఫిను హోటలు నడుపుతున్నాడు. యాభైకి దగ్గరపడినవాడు, జుట్టు నెరిసింది. పేరు చెప్పగానే లేచి నిలబడ్డాడు. "మా అమ్మ పోయేదాకా మీ పేరు తలుచుకునేది సార్. మా కాగితం వెతికి పెట్టిన బాబు మీరేనని" అన్నాడు.

అప్పుడు చెప్పాను, మొత్తం. అతను గల్లాపెట్టె మీద చెయ్యి ఆనించి చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కుర్రవాణ్ణి పిలిచి నాకు టీ తెప్పించాడు. వెళ్ళేటప్పుడు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. మళ్ళీ రమ్మని మాత్రం అనలేదు.

ఇంతే. సెలవు.