మంచు, అల, మన యాత్ర
(తిరుమలాయపాలెంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వచ్చే నెల మనవాళ్లు కన్యాకుమారి యాత్రకు వెళుతున్నారు గనుక సముద్రం గురించి నాలుగు మాటలు చెబుతాను.

2024 మే 6న అదే జిల్లాలో ఐదుగురు వైద్య విద్యార్థులు అలలకు కొట్టుకుపోయి చనిపోయారు. అక్కడ తుపాను లేదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ముందే హెచ్చరించింది. అవి ఎక్కడో దక్షిణాన పెనుగాలులకు పుట్టి, వేల కిలోమీటర్లు నడిచి, కొన్ని రోజులకు మన ఒడ్డు చేరిన అలలు. మలయాళీలు దీన్ని 'కల్లక్కడల్' అంటారు. దొంగలా వచ్చే సముద్రమని అర్థం.

అంటార్కిటికా చుట్టూ ఉప్పునీరే గడ్డకడుతుంది. అక్కడి చలికాలం చివరికి ఆ మంచు సుమారు 180 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే మన దేశానికి ఐదు రెట్ల పైమాటే. చెరువులో గుర్రపుడెక్క కమ్మిన చోట అల లేవదు, చూశారు కదా? మంచూ అంతే. చిన్న అలలను అంచులోనే చంపేస్తుంది. బారు అలలు మాత్రం లోపలికి చొచ్చుకుపోయి, మంచు పలకను ఎత్తి దించి, వంచి, విరగ్గొడతాయి. ముక్కలైన మంచు వేసవిలో తొందరగా కరుగుతుంది. (కొత్తగా గడ్డకట్టేటప్పుడు అదే అల మంచును అట్లలాగా గుండ్రటి బిళ్లలు చేస్తుంది. ఫొటోల్లో చూడముచ్చటగా ఉంటాయి.)

పాలేరు జలాశయంలో గాలి ఇటునుంచి వీస్తే ఆవలి ఒడ్డునే అలలు బలంగా కొడతాయి. ఖాళీ నీరు ఎంత పొడవుంటే అల అంత పెరుగుతుంది. మంచు తగ్గితే గాలికి ఆ ఖాళీ దొరుకుతుంది. పెరిగిన అల మిగిలిన మంచును మళ్లీ విరుస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఆ మంచు 18 లక్షల చదరపు కిలోమీటర్ల లోపుకు పడిపోయింది. దక్షిణ సముద్రపు మంచు హిందూ మహాసముద్రపు అలలను ఎలా మారుస్తుందో పరిశీలించి ఇన్‌కాయిస్ శాస్త్రజ్ఞులు 2022లో పత్రం ప్రచురించారు. అలల అంచనాకు ఆ మంచు లెక్క కూడా కావాలి.

ముప్పై ఏళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. 2019లో కన్యాకుమారిలో మనవరాలి చెయ్యి పట్టుకుని బండల మీద నిలబడ్డాను. పోలీసాయన ఈల వేస్తే, "గాలే లేదు కదయ్యా" అని వాదించాను. ఆయన వినలేదు, మమ్మల్ని వెనక్కి పంపించాడు. ఆయన పేరైనా అడగలేదు నేను.

బయలుదేరే ముందు రోజు ఇన్‌కాయిస్ హెచ్చరిక ఏమైనా ఉందేమో పిల్లల చేత ఫోనులో చూపించుకోండి. సెలవు.