గడ్డం సబ్బూ, బ్రష్షూ, రాస్ లఫాన్ మాస్కూ

ఈ వారం గడ్డం గీసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఇదీ ఒక ప్రసంగమేనా అని అమ్మలూ అక్కలూ రేడియో కట్టేయకండి. మీ ఆయనో, మీ అబ్బాయో ఖతర్ లో గ్యాసు ప్లాంటులో పని చేస్తుంటే ఇది మీ ఇంటి సంగతే.

నేను రాస్ లఫాన్ లో సేఫ్టీ పని చూస్తుంటాను. దోహాకి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు. 1971లో సముద్రం అడుగున బయటపడిన నార్త్ ఫీల్డ్ గ్యాసు ఒడ్డుకు చేరేది ఇక్కడికే. శుద్ధి చేయక ముందు ఆ గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. కొంచెం ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది, ఆ తర్వాత మనిషిని పడేస్తుంది. అందుకే అలాంటి చోట పని చేసేవాళ్ళు గాలి మాస్కు పెట్టుకోవలసి వస్తుంది. మాస్కు రబ్బరు అంచు చర్మానికి అతుక్కుని ఉండాలి. మధ్యలో గడ్డం ఉంటే ఆ సందులోంచి గాలి లోపలికి వస్తుంది. కనుక మీసం ఉన్నా ఫరవాలేదు గానీ, మాస్కు అంచు తగిలే చోట వెంట్రుక ఉండకూడదు.

రోజూ గీస్తే మరి చర్మం ఏమవుతుంది? జగిత్యాల వైపు తమ్ముడొకడు ఆమధ్య నా దగ్గరకి వచ్చాడు. మెడ నిండా ఎర్రటి పొక్కులు. రెండు రోజులు గీయకుండా వదిలేశాడు, మూడో రోజు గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఆ రోజు కూలి పోయింది. ఏం వాడుతున్నావురా అంటే, ఒంటి సబ్బేనన్నా అన్నాడు.

అసలు తేడా అక్కడే ఉందండీ. ఒంటి సబ్బు చేయడానికి ఎక్కువగా వాడేది సోడియం క్షారం. దాని నురగ త్వరగా ఆరిపోతుంది. గడ్డం సబ్బులో పొటాషియం క్షారం కూడా వేస్తారు, స్టియరిక్ ఆమ్లం ఎక్కువ పాలు ఉంటుంది, గ్లిజరిన్ ఉంటుంది. అందువల్ల నీటిని పట్టి ఉంచే చిక్కటి నురగ వస్తుంది. వెంట్రుక రెండు మూడు నిమిషాలు నీటిలో నానితే మెత్తబడి సులువుగా తెగుతుంది. ఆ నీరు ఆరిపోకుండా కాపాడి, బ్లేడు జారేలా చేయడమే నురగ పని.

ఇక నీళ్ళ సంగతి. మన ఊళ్ళలో బోరు నీళ్ళతో సబ్బు ఎంత రుద్దినా నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి కరగని పదార్థం అవుతాయి. బడిలో కఠిన జలం అని చదువుకున్నాం కదా, అదే. ఖతర్ లో కుళాయి నీరు దాదాపు అంతా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసేసినదే. మన బోరు నీటితో పోలిస్తే నురగకు ఇది చాలా నయం. మీ క్యాంపు నీటి మీద అనుమానం ఉంటే ఒక రోజు తాగే సీసా నీళ్ళతో చేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఇక్కడ చిక్కు వేరే ఉంది. ఎండాకాలంలో మిద్దె మీద ట్యాంకు కాగిపోయి చన్నీళ్ళ కుళాయిలోంచే సలసలమనే నీళ్ళు వస్తాయి. అంత వేడికి నురగ నిలవదు, చర్మమూ మండుతుంది. చాలామంది జూన్ రాగానే గీజరు స్విచ్చి ఆపేసి, గీజరులో చల్లారిన నీటినే చన్నీళ్ళుగా వాడుకుంటారు. అది లేకపోతే రాత్రే ఒక మగ్గు నీళ్ళు పట్టి గదిలో పెట్టుకోండి.

ఇప్పుడు నురగ చేసే పద్ధతి. ముందు ముఖం కడుక్కుని తడిగా ఉంచండి. బ్రష్షు పంది వెంట్రుకలదైతే రెండు మూడు నిమిషాలు నానాలి, సింథటిక్ దైతే తడిపితే చాలు. గదిలో ముస్లిం సోదరులుంటే పంది వెంట్రుకల బ్రష్షు ఒకే అరలో పెట్టి ఇబ్బంది పెట్టకండి, సింథటిక్ దే కొనుక్కోండి. అది త్వరగా ఆరుతుంది కూడా. శాకాహారులు సబ్బు అట్ట మీద టాలో అన్న మాట ఉందేమో చూసుకోండి, అది జంతువుల కొవ్వు.

బ్రష్షును విదిలించి, సబ్బు బిళ్ళ మీద అర నిమిషం గుండ్రంగా తిప్పండి. కడ్డీ సబ్బైతే నేరుగా తడి గడ్డం మీదే రుద్దుకోవచ్చు. మొదట జిగురుగా, పేస్టులా ఉంటుంది. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, ఆపకండి. బ్రష్షు కొసలు నీళ్ళలో ముంచి మళ్ళీ తిప్పండి. దోసెపిండిలో నీళ్ళు కలిపినట్టు, కొద్దికొద్దిగా. మూడు నాలుగు సార్లయ్యేసరికి మీగడ పెరుగులా నిగనిగలాడుతుంది. పెద్ద పెద్ద బుడగలు కనిపిస్తే నీళ్ళు ఎక్కువైనట్టు, కొంచెం సబ్బు పట్టించండి. ముఖం మీద తెల్లగా ఎండిపోతుంటే నీళ్ళు చాలనట్టు. ఏసీ గదిలో ఇంకా త్వరగా ఆరుతుంది, కనుక గీసే ముందు తడి బ్రష్షు ఇంకోసారి తిప్పండి. అంతా కలిపి రెండు మూడు నిమిషాలు, వెంట్రుక నానడానికీ అంతే కావాలి. బాత్ రూము ముందు పదిమంది నిలబడి ఉంటే సబ్బు గదిలోనే పట్టించుకుని వెళ్ళండి.

గీసేటప్పుడు వెంట్రుక వాలు వెంటే, నొక్కకుండా గీయండి. ఎదురు గీతలు వద్దు. మాస్కుకు కావలసింది శుభ్రమైన చర్మం, పెళ్ళికొడుకు నునుపు కాదు. చివర చన్నీళ్ళతో కడిగి పటిక రాసుకోండి. ఆ తమ్ముడు ఇలాగే చేశాడు. మూడు వారాల్లో మెడ కుదుటపడింది.

బ్రష్షూ బ్లేడూ అన్నదమ్ములతో కూడా పంచుకోకండి. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు మాస్కులు సరిగా అతకాలని అమెరికా సైనికుల చేత గడ్డాలు తీయించారు. ఆ కాలంలోనే, సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్షుల వల్ల కొందరు సైనికులకు ఆంత్రాక్స్ సోకింది. ఇప్పుడు ఆ భయం లేకపోయినా, ఒకరి బ్లేడు ఒకరు వాడితే హెపటైటిస్ బి, సి రావచ్చు. వాడాక బ్రష్షు కడిగి, విదిలించి, గాలి తగిలేలా పెట్టండి.

నురగ డబ్బా వాడేవాళ్ళకి ఒక మాట. 50 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది. ఇక్కడ వేసవిలో కారు లోపలి వేడి అంతకు మించుతుంది. కారులో వదలకండి.

చివరగా అయ్యప్ప మాల వేసుకునే తమ్ముళ్ళకి. నలభై ఒక్క రోజులు గడ్డం తీయరు, అది మీ దీక్ష, కాదనేవారెవరూ లేరు. కానీ మాల వేసుకోక ముందే సూపర్ వైజరుకి చెప్పి, మాస్కు అక్కరలేని చోట డ్యూటీ అడగండి. ఆ గడ్డంతో మాస్కు పెట్టుకుని లోపలికి మాత్రం వెళ్ళకండి. దీక్ష విరమించాక ముందు కత్తెరతో పొట్టిగా కత్తిరించి, బాగా నానబెట్టి, అప్పుడు సబ్బు పట్టించండి.

ఇంటి దగ్గరున్నవాళ్ళు ఈసారి ఫోన్ లో తిన్నావా అని అడిగాక, గడ్డం గీసుకున్నావా అని కూడా అడగండి. నవ్వుతారు. నవ్వనివ్వండి.