పేరు పెట్టి పిలుద్దాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పొద్దుటి నుంచీ ఇక్కడ ఒకరినొకరం పాత పేర్లతోనే పిలుచుకుంటున్నాం. బక్కోడు, బొండం, కర్రోడు... అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే రెండు మాటలు చెబుతాను.

నేను ఒక విశ్వవిద్యాలయంలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. లావైపోతానన్న భయంతో మెస్‌కు వెళ్లడం మానేసిన అమ్మాయిలు, ముక్కు బాగాలేదని గంటల కొద్దీ అద్దం ముందు గడిపి క్లాసులు ఎగ్గొట్టే అబ్బాయిలు నా దగ్గరికి వస్తారు. చూసేవాళ్లకు ఏ లోపమూ కనబడదు. "బాగానే ఉన్నావు కదరా" అని స్నేహితులు ఎంత చెప్పినా వాళ్లకు నమ్మకం కుదరదు. ఇది సోకు కాదు, జబ్బు. ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లోనే దీన్ని గుర్తించి పేరు పెట్టాడు. ఇప్పుడు బాడీ డిస్‌మార్ఫిక్ డిజార్డర్ అంటున్నాం. ఎంత కండ పెంచినా ఇంకా బక్కగానే ఉన్నాననుకుని జిమ్ వదలకపోవడం దీనిలోనే మరో రూపం. తిండి మానేయడం, తిన్నది కక్కేయడం దీనికి దగ్గరి జబ్బులు.

తప్పంతా ఫోన్‌లో ఫిల్టర్లదే అంటాం. కొంత నిజమే. కానీ ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లోనే వచ్చింది. ఆ పేరులోంచి 'ఫెయిర్' పోవడానికి 2020 దాకా పట్టింది. అప్పుడు ఫోన్లు ఎక్కడివి?

"ఎప్పటి నుంచి ఇలా అనిపిస్తోంది?" అని అడిగితే చాలామంది బడి రోజులే చెబుతారు. ఈ జబ్బు ఎక్కువ మందిలో పద్దెనిమిదేళ్లు నిండకముందే మొదలవుతుంది. వెక్కిరింత ఒక్కటే దానికి కారణం కాదు. కానీ మన చేతిలో ఉన్న కారణం అదే.

మా తరగతిలో ఒకడికి ఎత్తు పళ్లు. వాడికి పేరు పెట్టింది నేనే. పదో తరగతి దాకా అందరూ అలాగే పిలిచారు. బయట బోర్డు మీద ఉన్న గ్రూప్ ఫొటో చూడండి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది వాడొక్కడే. ఈ సభకు రమ్మని ఫోన్ చేస్తే, "ఎందుకులేరా" అన్నాడు.

ఉపాధ్యాయులకు నా మనవి. ఒళ్లు, రంగు మీద మాట వినబడితే అక్కడే ఆపండి. వార్షికోత్సవంలో రంగు చూసి ముందు వరుసలో నిలబెట్టకండి. అన్నం డబ్బా తెరవని పిల్లను, ఫొటో అంటే తప్పుకునే పిల్లాణ్ణి విడిగా పలకరించండి. దీనికి వైద్యం ఉంది. మానసిక వైద్యుల మందులు, మాటల చికిత్స పనిచేస్తాయి. ముక్కుకు ఆపరేషన్ చేయిస్తే సాధారణంగా ఈ బాధ తీరదు. 14416కు ఫోన్ చేస్తే టెలి మానస్ వారు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

వచ్చే సమావేశానికి నా మిత్రుణ్ణి నేనే వెళ్లి పిలుస్తాను, ముందు క్షమించమని అడిగి. వాడు వస్తే మీరంతా హాజరు పట్టీలో ఉన్న పేరుతోనే పిలవాలి.

సెలవు.