నలుపు పూసుకుంటే అవార్డు, నలుపుతో పుడితే ఎత్తిపొడుపు

(కళ్యాణదుర్గం ప్రాంతంలో ఒక ఎస్సీ కాలనీలో జరిగిన ఆడవాళ్ళ కూటమిలో మా జట్టు తరఫున చేసిన ప్రసంగపాఠం)



ఈ పొద్దు మేము భూమి పట్టాల గురించి, కూలి బకాయిల గురించి మాట్లాడతామని మీరు వచ్చినారు. ఆ మాటలు మన పెద్దలు తర్వాత చెప్తారు. మేము టీవీ గురించి మాట్లాడతాము. నవ్వొద్దు అక్కా. తాగే నీళ్ళకు అల్లాడే ఊర్లో టీవీ సంగతేందప్పా అని మాలోనే కొందరన్నారు. కానీ ఒక పాప సంగతి చూసినాక ఇది కూడా నీళ్ళంత అవసరమైన మాటే అనిపించింది.

ఆ పాప మన కాలనీలాంటి కాలనీలోనే పుట్టింది. తల్లి చెనిక్కాయ పెరికే కూలి. పాప డిగ్రీ చదివింది. గొంతు మంచిది, పేపరు చదివితే పక్కింటోళ్ళు కూడా వచ్చి వినేటోళ్ళు. టౌన్లో ఒక కేబుల్ చానల్ వాళ్ళు వార్తలు చదివేదానికి అమ్మాయి కావాలంటే పోయింది. మాలో ఇద్దరం తోడు పోయినాం. చదివించినారు, తల ఊపినారు. బయటికొచ్చి ఏమన్నారు? "గొంతు బాగుంది, మొహం స్క్రీన్ మీదికి రాదు. కావాలంటే వెనక కూచోని గొంతు మాత్రం ఇయ్యమ్మా." వార్తలు పాప చదవాల, మొహం ఇంకొకరిది పెట్టాల! తప్పు చేసినట్టు తలొంచుకుని బస్సెక్కింది ఆ బిడ్డ. మాకూ ఆ పూట నోరు పెగల్లేదు. ఆ సిగ్గుతోనే ఈ మాటలు చెప్తాండాము.

కథ అక్కడితో ఐపోలేదు. ఎవరో చెప్పినారని మెడికల్ షాపులో ఒక ఆయింట్‌మెంటు కొని రాసుకుంది. చీటీ లేకుండానే ఇచ్చినారు. నెల తిరిగేసరికి తెల్లబడినట్టే కనిపించింది. మూడు నెలలకు మొహమంతా ఎర్రగా కమిలి, మొటిమలు లేచి, బుగ్గల మీద వెంట్రుకలు మొలిచినాయి. ఎండలోకి పోతే మంట. మన అనంతపురంలో ఎండలోకి పోకుండా బతికేదెట్ల? అది స్టెరాయిడ్ మందు. డాక్టరు చెప్పినప్పుడు, చెప్పిన నాలుగు రోజులు మాత్రమే రాయాల్సింది. రోజూ మొహానికి రాస్తే తోలు పల్చబడిపోతుంది. ఒక్కసారిగా మానేసినా మంటే. ఆ ట్యూబు మీ ఇండ్లల్లో ఉందేమో ఈ రాత్రి చూసుకోండి. ఉంటే పారేసే ముందు సర్కారు ఆసుపత్రిలో చర్మం డాక్టరుకు చూపించండి.

ఆ పాప మొహాన్ని కాల్చింది ఆ ట్యూబు ఒక్కటేనా? మేము కాదంటాము.

మీ అందరికీ వంటలక్క తెలుసు. ఆ పేరు చెప్తే ముసలమ్మలు కూడా తలెత్తినారు చూడండి! "కార్తీక దీపం" స్టార్ మాలో 2017 నుంచి 2023 దాకా నడిచింది. సాయంత్రం ఆ టైముకు మన వీధుల్లో ఎవరూ కనబడేటోళ్ళు కారు. కథ దేని గురించి? నల్లగా ఉండే దీప గురించి. నల్లపిల్ల నా కొడుక్కి పెళ్ళామా అని అత్త చీదరించుకోవడం గురించి. మన ఆడోళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, ఎందుకంటే అది మన ఇండ్లల్లో జరిగే కథ. సరే, ఆ నల్లపిల్ల వేషం కట్టిందెవరు? కేరళ నుంచి వచ్చిన ప్రేమీ విశ్వనాథ్. ఆమె నల్లగా ఉండదు. రోజూ నలుపు పూసి కెమెరా ముందుకు తెచ్చినారు. అంతకుముందు మలయాళంలో "కరుత్తముత్తు" అని ఇదే కథ తీసినప్పుడూ ఆమే, అదే పూత. ఆమె మీద మాకు కోపం లేదు, బాగా చేసింది. కన్నడం నుంచి, మలయాళం నుంచి వచ్చే ఆడబిడ్డల మీద కూడా కోపం లేదు. మన మడకశిర పక్క ఊర్లల్లో సగం మంది మాట్లాడేది కన్నడమే గదా. మా ప్రశ్న ఒక్కటే. నల్లపిల్ల కథకు కూడా నల్లపిల్ల పనికిరాలేదంటే, ఇంక ఏ కథకు పనికొస్తుంది?

సినిమాలోనూ ఇదే. 2018లో "రంగస్థలం"లో సమంతకు రంగు తగ్గించినారు. 2021లో "పుష్ప"లో అల్లు అర్జున్‌కూ నలుపే, శ్రీవల్లి వేషం కట్టిన రష్మికకూ నలుపే. 2023లో ఆయనకు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించినారు. కష్టపడినాడు, కాదనము. కానీ సాయంత్రం సబ్బుతో కడిగితే పోయే నలుపుకు చప్పట్లు, కడిగినా పోని నలుపుకు ఎత్తిపొడుపు. మన సీమ పేరు మీద ఎన్ని ఫ్యాక్షన్ సినిమాలు తీసినారో లెక్క లేదు. వాటిల్లో నల్లటోళ్ళు లేరా అంటే ఉన్నారు. సుమోల్లో వేలాడేదానికి, వేటకొడవలి దెబ్బకు గాల్లోకి లేచి పడేదానికి ఉన్నారు. కరువొస్తే మన మొహాలు టీవీలో, పండగొస్తే వాళ్ళ మొహాలు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలుపెట్టేదానికి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చినప్పుడు కెమెరాలన్నీ మన జిల్లాకే వచ్చినాయి. పార పట్టుకున్న చేయి బొమ్మకు పనికొస్తుంది, వార్త చదివే నోరు మాత్రం పనికిరాదు.

ఇది ఈనాటి రోగం కాదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం "మాలపిల్ల" తీసినాడు. కథ చలం రాసినాడు. గుడి ప్రవేశం గురించి ఆ రోజుల్లో ఆ మాట చెప్పడానికి గుండె కావాల, మర్యాద ఇస్తాము. కానీ మాలపిల్లగా వేసింది అప్పటికే అందానికి పేరుబడిన తార కాంచనమాల. మాలవాడలో పిల్ల దొరకలేదా అని అడిగేటోళ్ళు ఆ రోజు లేరు. ఈ రోజు మనం అడుగుతాండాము.

దీనికి ఎదురు కథ కేరళలో ఉంది. దాదాపు నూరేళ్ళ కింద జె.సి. డేనియల్ అనే ఆయన మలయాళంలో మొదటి సినిమా "విగతకుమారన్" తీసినాడు. అందులో హీరోయిన్ పి.కె. రోసి, దళిత బిడ్డ, గడ్డి కోసి బతికిన మనిషి. ఆమెకిచ్చిన వేషం నాయర్ల ఆడపిల్లది. తిరువనంతపురంలో ఆట పడినరోజు పెద్దకులాలోళ్ళు తెర మీద రాళ్ళేసినారు. తర్వాత ఆమె ఇల్లు కాల్చినారు. రాత్రికి రాత్రి తమిళనాడు పారిపోయి, మళ్ళీ తెర మీదికి రాకుండానే బతుకు వెళ్ళదీసింది. ఇప్పుడు రెండు కథలు పక్కపక్కన పెట్టుకోండి. వాళ్ళు మన వేషం కడితే కళ. మనం వాళ్ళ వేషం కడితే కొంప తగలబడింది.

మన దగ్గర తెర దాకా కూడా పోనక్కరలేదు. 1991లో చుండూరులో గొడవ మొదలైంది సినిమాహాల్లోనే గదా. చదువుకున్న దళిత పిల్లోడి కాలు ముందు సీటులో కూచున్న పెద్దకులం పిల్లోడికి తగిలిందని. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. టికెట్టు కొనుక్కుని కూచునేదానికే అంత ఖరీదైతే, తెర మీద నిలబడేదానికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

నల్లపిల్ల ఆడితే జనం చూడరంటారు. అబద్ధం. 1978లో "మరో చరిత్ర" వచ్చింది. సరిత హీరోయిన్. నల్లని పిల్ల, తెలుగు పిల్ల, కొత్త పిల్ల. జనం చూసినారా లేదా? పెద్దోళ్ళు చెప్పండి. విరగబడి చూసినారు. అదే బాలచందర్ 1981లో అదే కమలహాసన్‌తో హిందీలో "ఏక్ దూజే కే లియే" తీసినాడు. హీరో మారలేదు, హీరోయిన్ మాత్రం తెల్లని రతీ అగ్నిహోత్రి. హిందీలో కథకు హిందీ మాట్లాడే పిల్ల కావాల, ఒప్పుకుంటాము. హిందీ మాట్లాడే నల్లపిల్ల దేశంలో లేదా? ఆ తర్వాత సరిత విజయశాంతికి, సౌందర్యకు, ఇంకా ఎందరో హీరోయిన్లకు గొంతు అరువిచ్చింది. గొంతు ఆమెది, మొహం ఇంకొకరిది. కేబుల్ చానల్లో మన పాపకు చెప్పిన మాట ఇదే కాదా?

నిన్నమొన్నటి ఐశ్వర్యా రాజేశ్ ఉంది. తెలుగు నటుడు రాజేశ్ కూతురు, మద్రాసులో పెరిగింది. రంగు తక్కువని తోసేసినారని ఆమే సభలో చెప్పుకుంది. "కాక్కా ముట్టై" లాంటి తమిళ సినిమాలతో పేరొచ్చినాకనే తెలుగోళ్ళు పిలిచినారు. 2025 సంక్రాంతికి వెంకటేశ్ పక్కన భార్యగా చేస్తే సినిమా ఎంత ఆడిందో మీకు తెలుసు.

తెల్లదేశాల సంగతి కూడా రెండు ముక్కలు చెప్తాము. ఇంగ్లండు సీరియళ్ళలో ముడతలు పడిన మొహాలు, పనోళ్ళ మొహాలు ఎక్కువ కనిపిస్తాయంటారు. అమెరికా టీవీలో బట్టలంగడి బొమ్మల్లాంటి మొహాలే ఎక్కువంటారు. అది కొంత నిజమే. కానీ ఇంగ్లండు కూడా సుద్దపూస కాదు. 1958 నుంచి 1978 దాకా బీబీసీలో తెల్లోళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లోళ్ళ మాదిరి పాడే కార్యక్రమం నడిచింది. 1967లో జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసేటోళ్ళు సంతకాలు పెట్టి ఆపమన్నారు. బీబీసీ వినలేదు, ఇంకో పదకొండేళ్ళు నడిపింది. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ ఊర్లో ఒక టీవీ స్టేషను ఉండేది. ఊర్లో నల్లోళ్ళు చాలామంది, టీవీలో మాత్రం వాళ్ళ మొహం, వాళ్ళ మాట లేదు. 1964లో నల్లోళ్ళు, ఒక చర్చి సంఘం కలిసి ఆ స్టేషను లైసెన్సు మీద ఫిర్యాదు చేసినారు. చూసేటోళ్ళకు మాట్లాడే హక్కెక్కడిదని కొట్టేసినారు. 1966లో కోర్టు, చూసేటోళ్ళకు హక్కుందని చెప్పింది. 1969లో లైసెన్సు పోయింది. ఐదేండ్లు పట్టింది. మంత్రి దయ కాదది, చూసే జనం పెట్టిన కాగితం.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాల. నలుపంటే దళితులు, తెలుపంటే పెద్దకులాలు అని మేము చెప్పడం లేదు. మన ఎండకు రెడ్డీ నలుపే, బోయా నలుపే, కరణమూ నలుపే. మన వాడల్లో ఎర్రగా ఉండేటోళ్ళూ ఉన్నారు, వాళ్ళను చూసి "మీ వాళ్ళ మాదిరి లేవే" అని అడిగే అవమానం వేరే. వాళ్ళ పుస్తకాల్లోనే కృష్ణుడు నలుపు, ద్రౌపదికి కృష్ణ అనే పేరుంది. భూమి, చదువు ఉన్న నలుపుకు దేవుడి పోలిక దొరుకుతుంది. చేతిలో ఏమీ లేని నలుపుకు కులం పేరు దొరుకుతుంది. ఎవర్ని తెర మీద నిలబెట్టాలో తేల్చే కుర్చీల్లో ఎవరున్నారు? 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ వాళ్ళు దేశంలో పెద్ద పత్రికలు, చానళ్ళు లెక్క తీసినారు. 121 పెద్ద కుర్చీల్లో 106 పెద్దకులాలవే. ఎస్సీ, ఎస్టీలు ఒక్కరూ లేరు.

మన తప్పు కూడా చెప్పుకోవాల. మన తాతలకు నల్లప్ప, కరియప్ప, నల్లమ్మ అని పేర్లుండె. 1989లో దళిత ఉద్యమం హైదరాబాదు నుంచి పక్షపత్రిక తెస్తే దాని పేరే "నలుపు". ఆ పేరు పెట్టుకున్న ఉద్యమంలో తిరిగిన మనమే సంబంధానికి పోతే ఏమడుగుతాండాము? పిల్ల ఎర్రగుందా? రంగు తక్కువైతే ఇంకో తులం పెట్టమని మన మొగపిల్లోళ్ళ తల్లులే అడుగుతాండారు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో వచ్చింది. 2020లో పేరులో ఫెయిర్ తీసి గ్లో పెట్టినారు. పేరు తీసేసినంత సులువుగా మన నోట్లో మాట పోలేదు.

ఇప్పుడు పని సంగతి. కేబుల్ టీవీ చట్టం 1995ది, దాని నియమాలు 1994వి. ఆ నియమాల్లో ఏడోదాని ప్రకారం కులాన్నిగాని, రంగునుగాని ఎగతాళి చేసే ప్రకటన వేయగూడదు. రంగు అనే మాట అందులోనే ఉంది. 2021లో ఇంకో సవరణ చేసినారు. చూసేటోళ్ళు ఫిర్యాదు రాస్తే చానల్ 24 గంటల్లో అందిందని చెప్పాల, 15 రోజుల్లో జవాబియ్యాల. ఇయ్యకపోతే వాళ్ళ పైన చానళ్ళ సంఘం, ఆ పైన కేంద్ర ప్రభుత్వం. కాబట్టి మీరు చూసిన ప్రకటన ఏ చానల్లో, ఏ తేదీన, ఎన్ని గంటలకు వచ్చిందో గోడ మీదైనా రాసిపెట్టుకోండి. రాయడం రాకపోతే బడికి పోయే పిల్లతో రాయించండి. తేదీ, టైము లేని కాగితం చెత్తబుట్టకు పోతుంది.

కాగితం ఒకటి మేము రాసి తెచ్చినాము. దాన్ని చదివి వినిపించేది మేము కాదు. ఆ పాపే. మందు మానేసినాక మొహం ఇంకా పూర్తిగా మానలేదు, రానంటే బలవంతం చేయలేదు, తనే వస్తానంది. అదిగో, వేపచెట్టు కింద వాళ్ళమ్మ పక్కన కూచోనుంది. లైటు ఇటు తిప్పు అబ్బీ. ముందర కూచోమ్మా, అందరికీ కనపడాల. అది అయినాక సంతకాలు. వేలిముద్ర వేసేటోళ్ళకు సిరాపెట్టె ఇక్కడుంది.